కాళ్ల కోసం పుట్టి చెవులకు పని పెట్టిన సంగీతం

డాన్స్ కోసం చేసిన సంగీతం తేలికపాటి సరుకు అని చాలామంది అభిప్రాయం. కూర్చుని వినేది కళ, లేచి ఆడేది కాలక్షేపం అని ఒక లెక్క. 1930లలో క్యూబా రాజధాని హవానాలో మొదలుపెట్టి 1970ల న్యూయార్క్ దాకా వచ్చిన లాటిన్ డాన్స్ సంగీతాన్ని శ్రద్ధగా వింటే ఈ లెక్క నిలవదు. సోన్, మాంబో, చచచా, సల్సా అని రకరకాల పేర్లతో వచ్చిన ఈ సంగీతంలో ఉన్నంత లయ చిక్కు ఆ కాలపు పాపులర్ పాటల్లో చాలా అరుదు. ఆ చిక్కుకి కారణం డాన్స్ చేసేవాళ్లే. వాళ్లకు చెవి ఉంది, కాళ్లలో లెక్క ఉంది. బ్యాండ్ ఎక్కడ తడబడినా ముందు తెలిసేది వాళ్లకే. అలాంటి జనం ముందు వారానికి ఐదారు రాత్రులు వాయించాల్సి రావడం వల్లే ఈ సంగీతకారులు అంత పదునెక్కారు.

పాత తెలుగు సినిమాల క్లబ్ పాటల్లో బాంగో, మరాకాస్ చప్పుడు విన్నవాళ్లకు ఈ వాద్యాలు కొత్త కాదు. కానీ అక్కడ అవి పాటకు రంగు కోసం వచ్చి పోతాయి. క్యూబాలో వాటికి ఉన్న పని వేరు. ఆ పని అర్థం కావాలంటే క్లావే దగ్గర మొదలుపెట్టాలి.

క్లావే అంటే రెండు గట్టి చెక్క ముక్కలు. వాటితో వాయించే ఐదు దెబ్బల నడకకూ అదే పేరు. ఒక ఆవర్తాన్ని పదహారు సమ భాగాలుగా అనుకుంటే, ఆ దెబ్బలు 1, 4, 7, 11, 13 స్థానాల్లో పడతాయి. మొదటి సగంలో మూడు, రెండో సగంలో రెండు. మూడు దెబ్బల సగం కాలుని కొంచెం తోస్తుంది, రెండు దెబ్బల సగం నిలబెడుతుంది. మొత్తం పాట ఈ తోపుకీ నిలుపుకీ మధ్య నడుస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఆ చెక్కలను ఎవరూ వాయించకపోయినా క్లావే అక్కడే ఉంటుంది. గాయకుడు మాట ఎక్కడ ఎత్తుకోవాలి, పియానో వేళ్లు ఎక్కడ పడాలి, ట్రంపెట్లు ఎక్కడ అరవాలి అన్నది దాన్ని బట్టే ఉంటుంది. రెండు సగాలు తారుమారైతే 'క్రుసాదో' అంటారు, అడ్డం పడ్డట్టు లెక్క. మామూలు శ్రోత గమనించకపోవచ్చు. డాన్సర్ ఆగిపోతాడు.

దాని మీద ఒక్కో వాద్యం తన అరలో కూర్చుంటుంది. బాస్ వాయించేవాడు మొదటి దెబ్బను కావాలనే వదిలేస్తాడు. ఎనిమిది భాగాల్లో నాలుగో చోట, ఏడో చోట మాత్రమే మీటుతాడు. ఆ ఏడో దెబ్బ తర్వాతి ఆవర్తపు స్వరాన్ని ముందే పలికేస్తుంది. అంటే నేల ఒక అడుగు ముందే కదిలిపోతుంది, ఆడేవాళ్లు దాన్ని అందుకోవాలి. ఇతర డాన్స్ సంగీతాల్లో బాస్ పని 'ఒకటి' ఎక్కడుందో చూపించడం. ఇక్కడ 'ఒకటి' దగ్గర ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీని నింపేది మనిషి శరీరం. కోంగా అనే పొడవాటి డ్రమ్ మూడో చోట చురుక్కుమనే దెబ్బ వేసి, ఏడు ఎనిమిదిల్లో గుమ్మని తెరుచుకుంటుంది. పియానో ఒకే చిన్న పలుకుని విరిచి విరిచి మళ్లీ మళ్లీ తిప్పుతుంది. బాంగో వాయించేవాడు పాట వేడెక్కగానే బాంగో పక్కనపెట్టి పెద్ద గంట అందుకుంటాడు. విడివిడిగా వింటే వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా ఉన్నట్టనిపించదు. కలిస్తే సందు ఉండదు. మొదటిసారి వినేవాళ్లు ట్రంపెట్లు, గొంతు వింటారు. పదోసారికి బాస్ వింటారు. అక్కడి నుంచి ఈ సంగీతం వదలదు.

ఈ కట్టడాన్ని నిలబెట్టినవాళ్లలో అందరికన్నా ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆర్సెనియో రోడ్రిగెస్. 1911లో క్యూబాలోని మతాంసాస్ ప్రాంతంలో, కాంగో మూలాలున్న నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే చూపు పోయింది. గిటార్‌కి దగ్గరి చుట్టమైన ట్రెస్ ఆయన వాద్యం. మూడు జతల తీగలుంటాయి దానికి, శబ్దం గలగలమంటుంది. 1930ల చివరికి సోన్ సంగీతం క్యూబా తూర్పు కొండల నుంచి హవానాకి వచ్చి పాతికేళ్లు దాటింది. 1920లలో ఆరుగురి బృందాలు వాయించేవి, తర్వాత ట్రంపెట్ చేరి ఏడుగురయ్యారు. 1940 ప్రాంతంలో ఆర్సెనియో ఆ చిన్న బృందానికి పియానో చేర్చాడు, ట్రంపెట్ల సంఖ్య పెంచాడు. అన్నిటికన్నా పెద్ద మార్పు, కోంగా డ్రమ్‌ని తెచ్చి బృందం మధ్యలో పెట్టడం. కోంగా అప్పటిదాకా వీధి వాద్యం, పేద నల్లవాళ్ల వాద్యం. మర్యాదస్తుల డాన్స్ హాళ్లలో దానికి చోటు ఉండేది కాదు. ఇవాళ కోంగా లేని లాటిన్ బ్యాండ్‌ని ఊహించలేం. ఆ చోటు సంపాదించి పెట్టినవాళ్లలో ఈ చూపులేని మనిషి ముందు వరసలో ఉన్నాడు.

ఆయన చేసిన రెండో పని ఇంకా లోతైనది. అప్పటి సోన్ పాటలో ముందు చరణం, తర్వాత మోంటూనో ఉండేవి. మోంటూనో అంటే కోరస్ ఒకే మాటను పట్టుకుని తిప్పుతుంటే గాయకుడు అప్పటికప్పుడు మాటలు అల్లే భాగం. బుర్రకథలో కథకుడు ఒక ముక్క అంటే వంతలు అందుకుని తిప్పినట్టే ఉంటుంది ఆ వరస. ఆర్సెనియో ఈ భాగాన్ని పెంచి పాటకు గుండెకాయ చేశాడు. చివర్లో ట్రంపెట్లు, ట్రెస్, పియానో, డ్రమ్స్ అన్నీ తలా ఒక పలుకుతో ఒకదాని మీద ఒకటి ఎక్కి పాటను శిఖరానికి తీసుకెళ్లే ముగింపు కూర్చాడు. తర్వాతి ముప్పై ఏళ్ల సల్సా పాటలన్నీ ఇదే మెట్ల మీద నడిచాయి.

ఒక విషయం మాత్రం చాలామంది పట్టించుకోరు. ఆర్సెనియో వేగం పెంచలేదు, తగ్గించాడు. హవానాలోని నల్లజాతి కార్మికుల సొసైటీలు, లా ట్రోపికల్ తోటల్లోని డాన్సులు ఆయన లోకం. అక్కడి డాన్సర్లకు తొందర నచ్చదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న చోటులో ఒళ్లు తిప్పడం వాళ్ల విద్య. వాళ్ల కోసం ఆయన లయను నెమ్మదించాడు. నెమ్మదించిన కొద్దీ వాద్యాల మధ్య సందులు పెద్దవయ్యాయి, ఆ సందుల్లో కొత్త అల్లికలు వచ్చాయి. డాన్స్ ఫ్లోర్ మీది ఒక ఇష్టం సంగీతం వ్యాకరణాన్నే మార్చేసింది.

1947లో చూపు వస్తుందేమోనన్న ఆశతో న్యూయార్క్ వెళ్లి డాక్టర్‌కి చూపించుకున్నాడు. లాభం లేదని తేలాక రాసిన బొలేరో (నెమ్మదైన భావగీతం లాంటి పాట), జీవితం ఒక కల అని సాగేది, క్యూబా పాటల్లోకెల్లా బరువైన వాటిలో ఒకటి. 1950లలో అమెరికాలో స్థిరపడ్డాడు గానీ అక్కడి జనం అప్పటికే వేగం మరిగారు. 1970 డిసెంబర్ చివర్లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయేనాటికి ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ, ఆయన పద్ధతిలో వాయిస్తున్నవాళ్లు లెక్కలేనంతమంది.

ఆర్సెనియో హవానాలో ఈ మార్పులు చేస్తున్న సమయంలోనే న్యూయార్క్‌లో ఇంకో దారి తెరుచుకుంది. దాన్ని తెరిచినవాడు మారియో బౌసా. హవానాలో శాస్త్రీయంగా క్లారినెట్ నేర్చుకున్న నల్లజాతి యువకుడు. 1930లో న్యూయార్క్ చేరి, ట్రంపెట్ పట్టి, నల్లవాళ్ల పేట హార్లెమ్‌లో చిక్ వెబ్ జాజ్ బ్యాండ్‌కి మ్యూజికల్ డైరెక్టర్ అయ్యాడు. తర్వాత క్యాబ్ కాలోవే బ్యాండ్‌లో వాయించాడు, కుర్రవాడైన ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ ఆ బ్యాండ్‌లోకి రావడానికి సాయపడ్డాడు. అమెరికన్ జాజ్ లోపలి నుంచి తెలిసిన మనిషి కాబట్టి, జాజ్ బృందం హార్మొనీని క్యూబా లయ మీద కూర్చోబెడితే ఏమవుతుందో ఊహించగలిగాడు. 1940లో బావమరిది 'మాచితో' (ఇది ఆయన పేరు) గాయకుడిగా 'మాచితో అండ్ హిజ్ ఆఫ్రో-క్యూబన్స్' బ్యాండ్ మొదలైంది. జాతి విభజన చట్టాలు అమల్లో ఉన్న అమెరికాలో, తమ ఆఫ్రికా మూలాన్ని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకోవడానికి గుండె ధైర్యం కావాలి. 1943లో బౌసా కూర్చిన 'టాంగా'ని ఆఫ్రో-క్యూబన్ జాజ్‌కి తొలి రచనగా చాలామంది చరిత్రకారులు చెబుతారు. అదే ఏడాది మాచితో సైన్యంలోకి వెళ్లాల్సి వస్తే, ఆయన పెంపుడు చెల్లెలు గ్రాసియెలా హవానా నుంచి వచ్చి బ్యాండ్ ముందు నిలబడింది. ఆయన తిరిగొచ్చాక కూడా దశాబ్దాల పాటు అక్కడే పాడింది. ఆమె గొంతులోని చిలిపితనం, లయ మీద పట్టు గురించి రాసింది తక్కువ. రాయాల్సింది చాలా ఉంది.

బౌసా చేసిన మరో మేలు చానో పోసో అనే కోంగా విద్వాంసుడిని 1947లో గిలెస్పీకి పరిచయం చేయడం. ఆ కలయిక జాజ్‌ని మార్చింది. 1948 డిసెంబర్‌లో చానో హార్లెమ్ బార్‌లో హత్యకు గురయ్యాడు. ఇద్దరూ కలిసి పనిచేసింది కొద్ది కాలమే, ఆ ముద్ర మాత్రం ఇప్పటికీ జాజ్‌లో వినిపిస్తుంది.

ఇంతకీ ఈ సంగీతానికి అసలైన పరీక్ష హాలు బ్రాడ్‌వే, 53వ వీధి మూలన ఉన్న పల్లేడియం బాల్‌రూమ్. మేడ మీది ఈ హాలు 1940ల చివర్లో మాంబోకి తలుపులు తీసింది. హార్లెమ్ నల్లవాళ్లు, ప్యూర్టో రికో వాళ్లు, బ్రూక్లిన్ యూదులు, బ్రాంక్స్ ఇటాలియన్లు ఒకే ఫ్లోర్ మీద ఆడారు. ఆ రోజుల్లో ఇంత కలిసిన జనం మరో చోట కనిపించడం కష్టం. లోపలికి రావడానికి టికెట్ చాలు, లోపల గౌరవం దక్కాలంటే మాత్రం ఆడటం రావాలి. ఒక బ్లాక్ అవతలే బర్డ్‌ల్యాండ్ జాజ్ క్లబ్. అక్కడి వాళ్లు విరామంలో ఇక్కడికొచ్చి విని వెళ్లేవారు.

పల్లేడియంలో మూడు బ్యాండ్లు రాజ్యమేలాయి. మాచితో, టీటో పుయెంతే, టీటో రోడ్రిగెస్. ఇద్దరు టీటోల మధ్య పోటీ నిజమైనది. పోస్టర్ మీద ఎవరి పేరు పైన ఉండాలన్నదాని దగ్గర కూడా పట్టింపే. ఆ పోటీ వల్ల బాగుపడింది శ్రోతలు. రోడ్రిగెస్‌ది నున్నటి గొంతు, బ్యాండ్ క్రమశిక్షణ కత్తి అంచు. తర్వాత 1960లలో బొలేరోలతో లాటిన్ అమెరికా అంతా ఇష్టపడే గాయకుడయ్యాడు. 1973లో, యాభై ఏళ్లకే చనిపోయాడు.

పుయెంతే 1923లో హార్లెమ్‌లో ప్యూర్టో రికో దంపతులకు పుట్టాడు. చిన్నప్పుడు డాన్స్ నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేసి, మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చే చదువు సాయంతో జూలియర్డ్ సంగీత పాఠశాలలో చేరాడు. వీధి, యుద్ధనౌక, కన్సర్వేటరీ మూడూ చూసిన మనిషి. టింబాలెస్ డ్రమ్స్ అప్పటిదాకా వేదిక వెనక ఉండేవి. ఆయన వాటిని ముందుకు తెచ్చి, నిలబడి వాయించడం మొదలుపెట్టాడు. ఇది షో కోసమే అనుకుంటే పొరపాటు. ముందు నిలబడ్డ డ్రమ్మర్‌కి డాన్సర్ల కాళ్లు కనిపిస్తాయి. వాళ్లు ఎక్కడ తిరగబోతున్నారో చూసి, సరిగ్గా అక్కడ దెబ్బ వేయగలడు. వాళ్లు బ్యాండ్‌ని విన్నట్టే బ్యాండ్ వాళ్లను చూసింది. 1958లో వచ్చిన ఆయన ఆల్బమ్ 'డాన్స్ మేనియా'లో ఈ అనుభవమంతా రికార్డుకెక్కింది. సాంతోస్ కొలోన్ గొంతు, ఇత్తడి వాద్యాల గర్జన, అన్నిటి కింద ఎక్కడా ఊగిపోని లయ. ఒక్క ఆల్బమ్‌తో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ భద్రపరచాల్సిన రికార్డింగుల జాతీయ జాబితా మొదలుపెట్టిన తొలి విడతలోనే దీన్ని చేర్చింది.

ప్రపంచానికి మాంబో అంటే ముందు గుర్తొచ్చే పేరు పెరెస్ ప్రాదో. మెక్సికో నుంచి 1949, 50లలో ఆయన వదిలిన రికార్డులు దేశాలు దాటాయి. 1955లో ఆయన రికార్డు ఒకటి అమెరికా చార్టుల్లో పది వారాలు మొదటి స్థానంలో ఉంది. ఇత్తడి వాద్యాలను ఆయన రాసిన తీరు తెలివైనది, గుర్తుండిపోతుంది. కానీ పల్లేడియం బ్యాండ్ల పక్కన పెట్టి వింటే లోపల లయ పలచన. మాంబో మూలం కూడా ఆయన కాదు. 1938లోనే హవానాలో ఒరెస్తెస్ లోపెస్ ఆ పేరుతో ఒక దాన్సోన్ (పాత క్యూబా డాన్స్ సంగీతం) రాశాడు. ఆయన తమ్ముడే గొప్ప బాస్ విద్వాంసుడు కచావో. చచచా కూడా ఇంతే, 1950ల మొదట్లో సంగీతకారుడు ఎన్రీకే హొర్రీన్, మాంబోలో తాళం పక్కన పడే దెబ్బలతో (సింకోపేషన్) డాన్సర్లు ఇబ్బంది పడటం చూసి తేలిక చేసి ఇచ్చింది. అక్కడా దారి చూపింది ఆడేవాళ్లే.

1961లో అమెరికా, క్యూబా సంబంధాలు తెగాయి. 1962లో వాణిజ్య నిషేధం వచ్చింది. హవానా నుంచి కొత్త రికార్డులు, కొత్త సంగీతకారులు, కొత్త డాన్సులు రావడం దాదాపు ఆగిపోయింది. న్యూయార్క్ వాళ్లు దగ్గరున్న సరుకుతోనే ముందుకెళ్లాల్సి వచ్చింది. నష్టమే, కానీ ఆ నష్టంలోంచి వచ్చినవాడు పియానిస్ట్ ఎడ్డీ పాల్మియెరి. 1961లో 'లా పెర్ఫెక్తా' బ్యాండ్ పెట్టాడు. వరసగా ట్రంపెట్లు పెట్టే అలవాటు తీసేసి రెండు ట్రాంబోన్లు, ఒక ఫ్లూట్ పెట్టాడు. ట్రాంబోన్ వాయించిన బ్యారీ రోజర్స్ బ్రాంక్స్ యూదు కుర్రాడు, జాజ్ బాగా తెలిసినవాడు. ఆ బొంగురు శబ్దం న్యూయార్క్ వీధుల శబ్దం. తర్వాత ట్రాంబోన్ వాయించే విల్లీ కొలోన్ పదిహేడేళ్లకే అదే శబ్దంతో వచ్చాడు. సల్సా అనగానే ఇవాళ చెవిలో మోగేది ఎక్కువగా ఈ ట్రాంబోన్లే.

పాల్మియెరి 1965 రికార్డుల్లో ఎనిమిది నిమిషాలు దాటిన పాట ఒకటుంది, 'అసుకార్'. రేడియోలో మూడు నిమిషాల పాటలే తిరిగే రోజులు. అంత పొడుగు పాట రికార్డు చేసే ధైర్యం ఎక్కడిదంటే, అది అప్పటికే డాన్స్ ఫ్లోర్ మీద నెగ్గిన పాట. పాల్మియెరి ఎడమ చేత్తో ఒకే పలుకు తిప్పుతూ కుడి చేత్తో సోలో వాయిస్తాడు, ట్రాంబోన్లు వస్తాయి పోతాయి, జనం ఆపనివ్వరు. ఆ జనమే లేకపోతే ఆ పాట నాలుగు నిమిషాలకు ముగిసిపోయేది. 2025 ఆగస్టులో 88 ఏళ్ల వయసులో పాల్మియెరి కన్నుమూశాడు. ఆయన రికార్డుల్లో, సోలో మధ్య ఆయన గొంతులోంచి వచ్చే మూలుగులు కూడా వినిపిస్తాయి. అభిమానులకు అవి కూడా సంగీతమే.

పల్లేడియం మద్యం లైసెన్సు పోయాక కుంటుతూ 1966లో మూతపడింది. అప్పటికే 1964లో డొమినికన్ సంగీతకారుడు జానీ పచేకో, లాయర్ జెరీ మసూచీ కలిసి ఫానియా రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ మొదలుపెట్టారు. 1971 ఆగస్టులో చీతా క్లబ్‌లో ఆ కంపెనీ సంగీతకారుల బృందం ఫానియా ఆల్ స్టార్స్ కచేరీ, 1973లో యాంకీ స్టేడియంలో 40 వేలకు పైగా జనం, 1974లో ఆఫ్రికాలో నేటి కాంగో రాజధాని కిన్షాసా. ఆ కిన్షాసా కచేరీ ప్రత్యేకం. కాంగో నుంచి బానిసలుగా వెళ్లినవాళ్ల లయ క్యూబాలో పెరిగి, గ్రామఫోన్ రికార్డుల మీద ఎప్పుడో కాంగో చేరి అక్కడి రుంబా అనే డాన్స్ సంగీతానికి ఊతమిచ్చింది. ఫానియా వాళ్లు వెళ్లేసరికి అక్కడి జనానికి ఈ సంగీతం సొంతిల్లు.

ఈ కాలంలో వచ్చిన గొంతులు ఒక్కోటి ఒక్కో లోకం. 1950లో సోనోరా మతాంసేరా బృందంలో చేరిన సీలియా క్రూస్ 1960లో క్యూబా విడిచింది. 1962లో తల్లి చనిపోతే అంత్యక్రియలకు కూడా వెళ్లనివ్వలేదు. 1974లో పచేకోతో చేసిన ఆల్బమ్ ఆమెను కొత్త తరానికి రాణిని చేసింది. ప్యూర్టో రికోలోని పోన్సే నుంచి వచ్చిన హెక్టర్ లావో గొంతు సన్నం, ముక్కులోంచి వస్తుంది. కానీ మోంటూనోలో అప్పటికప్పుడు మాట అల్లి, క్లావే మీద వెంట్రుకవాసి తేడా లేకుండా దింపడంలో ఆయన్ని మించినవాళ్లు కనిపించరు. ఆయన పాడిన గొప్ప పాటల్లో కొన్ని రాసిన టీటే కురెట్ అలోన్సో ప్యూర్టో రికోలో పోస్టాఫీసు ఉద్యోగి. 1978లో పనామావాడు రూబెన్ బ్లేడ్స్ విల్లీ కొలోన్‌తో కలిసి చేసిన 'సియెంబ్రా' ఆల్బమ్, వీధి రౌడీ కథను ఏడు నిమిషాల డాన్స్ పాటగా చెప్పింది. ఆ కథ వింటూ జనం ఆడారు. మాట బరువైతే కాలు ఆగిపోతుందన్న భయం అక్కడితో పోయింది.

ఈ మెరుపు వెనక ఒక అన్యాయం కూడా ఉంది, దాన్ని దాటేసి ఈ సంగీతాన్ని పొగడటం సరికాదు. ఫానియా రికార్డుల్లో చాలా పాటలు పాత క్యూబా పాటలకు కొత్త రూపాలు. నిషేధం వల్ల క్యూబా రచయితలకు డబ్బు పంపే దారి లేదు. అట్టల మీద రచయిత పేరు ఉండాల్సిన చోట చాలాసార్లు 'డి.ఆర్.' అని రెండు అక్షరాలు ఉండేవి. హక్కులు రిజర్వ్ చేయబడినవి అని దాని అర్థం, ఎవరివో మాత్రం రాయలేదు. న్యూయార్క్ సంగీతకారులు కూడా రాయల్టీల గురించి ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. బ్యాండ్‌లో ప్రతి వాద్యానికీ ఏం వాయించాలో రాసిన అరేంజర్ల పేర్లు ఇప్పటికీ అభిమానులకు సరిగ్గా తెలియవు. కొందరు మాత్రం అప్పు ఒప్పుకున్నారు. పియానిస్ట్ లారీ హార్లో 1971లో ఆర్సెనియోకి నివాళిగా ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. ఆర్సెనియోని జనం 'అద్భుతమైన అంధుడు' అని పిలిచేవారు. హార్లో యూదుడు కావడంతో ఆయనకు 'అద్భుతమైన యూదుడు' అన్న పేరు వచ్చింది, జీవితాంతం దాన్ని గర్వంగా మోశాడు.

1996లో హవానాలో రికార్డు చేసిన 'బ్యూనా విస్తా సోషల్ క్లబ్' ఆల్బమ్‌తో ఈ సంగీతం కొత్తగా ప్రపంచానికి చేరింది. దానిలో పియానో వాయించిన రూబెన్ గొన్సాలెస్‌కి అప్పుడు 76 ఏళ్లు. ఇంట్లో పియానో కూడా లేదు. ఆల్బమ్ అందంగా ఉంటుంది, సందేహం లేదు. కానీ చాలామందికి ఇది ముసలివాళ్ల మెత్తని జ్ఞాపకాల సంగీతం అన్న ముద్ర పడింది. గొన్సాలెస్ 1940ల మొదట్లో ఆర్సెనియో బృందంలో పియానిస్ట్. అప్పుడు ఆయన ఇరవైల్లో ఉన్నాడు, హవానాలో అందరికన్నా కొత్తగా మోగుతున్న బ్యాండ్‌లో వాయిస్తున్నాడు. కాబట్టి ఆ ఆల్బమ్ నచ్చినవాళ్లు అక్కడ ఆగకుండా వెనక్కి వెళ్లి ఆర్సెనియో 1940ల రికార్డులు వినాలి. ఒక్కోటి మూడు నిమిషాలే. మొదటి నిమిషంన్నర పాటను పాటలాగే వినండి. కోరస్ తిరగడం మొదలైన దగ్గర్నుంచి ట్రంపెట్లను వదిలేసి, కింద బాస్ ఎక్కడ మీటుతోందో, ఎక్కడ మీటడం లేదో వినాలి.